పిరమిడ్లకు దారి చూపిన వడ్రంగి

మధిరలో తెల్లవారకమునుపే రైలెక్కి హైదరాబాదునకు విహారయాత్ర పోవు బడిపిల్లలు పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాలలో తప్పక ఆగెడు తావొకటి కలదు. రెండువేల యేండ్ల క్రిందట ఈజిప్టు దేశమున మరణించిన యొక యువతి దేహము, నారగుడ్డల చుట్టలతో, అచట అద్దముల వెనుక నున్నది. ఏడవ నిజాము ప్రదర్శనశాలకు ఒసగిన వస్తువులలో అది యొకటి. పిల్లలు గుంపుగూడి ఊపిరి బిగబట్టి చూతురు. మార్గదర్శి నాలుగు మాటలు చెప్పును. వెంట వచ్చిన ఉపాధ్యాయుడు వెనుక నిలిచి తలలు లెక్కపెట్టుకొనుచు, తిరుగు బండికి వేళ మించుచున్నదని తొందరపెట్టును.

కట్టగా కొన్నందున తగ్గిన టిక్కెట్టు ధర, ముందే కుదిర్చిన భోజనము, ఏ పూట ఏది చూడవలెనో తెలుపు అచ్చుకాగితము, అందరిని నడిపించు నొక మనిషి – ఈ యేర్పాటంతయు లోకమున మొదటినుండియు ఉన్నదే యనిపించును. అది నిజము కాదు. దీనిని ఈ రూపమునకు తెచ్చి, తుదకు పిరమిడ్ల వరకు నడిపించినవాడు ఇంగ్లండులోని యొక బీద వడ్రంగి. అతని పేరు థామస్ కుక్.

అతనికి ముందు దూరయాత్ర యననెట్టిదో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరినపుడు దాదాపు నూరుమంది పరివారము, డేరాలు, బోయీలు వెంట నడిచిరి. తిరిగి ఇల్లు చేరునప్పటికి 1831 సెప్టెంబరు వచ్చెను. సుప్రీంకోర్టులో ఉద్యోగము, చేతిలో ధనము ఉన్నవాడు కనుక ఆయనకది చెల్లినది. మధిర ప్రాంతపు సామాన్య రైతు శ్రీరామనవమికి భద్రాచలము పోవలెనన్న ఎడ్లబండి కట్టి, తిండిగింజలు మూటగట్టుకొని, అడవిదారిని పడవలసినదే. కాశి అతనికి తాతలు చెప్పిన మాటగనే మిగిలెడిది. ఇంగ్లండులోను ఇంతే. ప్రభువుల బిడ్డలు చదువు ముగించి, ఒకటి రెండేండ్లు ఫ్రాన్సు, ఇటలీ తిరిగివచ్చుట ఆచారము. కూలివాడు తన పల్లె చర్చి గంట వినబడు మేరలో పుట్టి, ఆ మేరలోనే కన్నుమూసెడివాడు.

అట్టి యొక పల్లెలో, డెర్బీషైరు మండలపు మెల్బోర్న్ గ్రామమున, 1808 నవంబరు 22వ తేదీన థామస్ కుక్ జన్మించెను. నాలుగేండ్లు నిండకమునుపే తండ్రి పోయెను. పదియవ యేట బడి మానిపించి తోటపనికి పెట్టిరి. కూలి దినమునకొక పెన్నీ. ఆ పిమ్మట మేనమామ జాన్ పెగ్ వద్ద కొయ్యపని నేర్చుకొనెను. తరిమెన పట్టి బల్లలు, కుర్చీల కాళ్లు నునుపుచేయుట అతని విద్య. బడిచదువు అంతతో ముగిసినను, ఆదివారపు పాఠశాల అతనికి బైబిలును, బైబిలుతో పాటు ఒక పట్టుదలను ఇచ్చెను. 1828లో బాప్టిస్టు సంఘమువారు అతనిని గ్రామప్రచారకునిగా నియమించిరి. మరుసటి యేడు అతడు పల్లెపల్లెకు ప్రచారమునకై 2,000 మైళ్లకు పైగా కాలినడకను తిరిగెనట! ప్రపంచమును రైలెక్కించినవాడు మొదట అరికాళ్లు అరుగగొట్టుకొన్నవాడే. సంఘమునకు నిధులు చాలక ఆ కొలువు పోగా, అతడు మార్కెట్ హార్బరో అను ఊర మరల కొయ్యపనికి కూర్చుండెను. 1833లో మేరియాన్ మేసన్ అను యువతిని వివాహమాడెను. మరుసటి యేడు కుమారుడు జాన్ మేసన్ కుక్ పుట్టెను.

ఆ దినములలో ఇంగ్లండు కార్మికుని కూలిలో పెద్దపాలు సారాయంగడికి పోవుచుండెను. భార్యాభర్తలు మద్యము ముట్టమని ప్రతిజ్ఞ చేసి, మద్యపాన వ్యతిరేకోద్యమమున చేరిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై సాగించిన పోరాటము ఎరిగినవారికి ఆ యుద్యమపు వేడి ఊహింపనగును. అయితే, తాగవద్దని చెప్పుట సులభము, తాగనివానికి సెలవుదినమున ఏమి చూపవలెను? ఈ ప్రశ్నకు కుక్ కనుగొన్న సమాధానమే అతని జీవితమైనది.

1841 జూన్ 9వ తేదీన అతడు మార్కెట్ హార్బరో నుండి లీస్టరు పట్టణములోని మద్యవ్యతిరేక సభకు నడిచి పోవుచుండెను. దూరము 15 మైళ్లు. ఆ ప్రాంతమున రైలుమార్గము పడి ఎంతోకాలము కాలేదు. జనులను సారాయంగడి నుండి మరలించుటకు ఈ రైలును వాడరాదా యను తలపు దారిలోనే మెరసెను. సభలో ఆ మాట చెప్పెను, రైలు కంపెనీని ఒప్పించెను. జూలై 5వ తేదీన లీస్టరు నుండి లాఫ్‌బరో వరకు ప్రత్యేకపు రైలు నడచెను. రానుపోను ఒక షిల్లింగు. దాదాపు 500 మంది, పైకప్పు లేని పెట్టెలలో, నిప్పురవ్వలు మీద పడుచుండగా ప్రయాణము చేసిరి. దూరము 12 మైళ్లకు మించదు. ఒక పెద్దమనిషి తోటలో తేనీరు, ఆటలు, ఉపన్యాసములు జరిగెను. సాయంకాలమునకు అందరును క్షేమముగా, మద్యము ముట్టకుండ ఇల్లు చేరిరి. కుక్ ఆ దినమున లాభము ఆశించలేదు.

మొదటిసారి లాభమునకై నడిపిన యాత్ర 1845లో లివర్‌పూలునకు. అందులకై అతడు ముందుగా తానొక్కడే ఆ దారిని పోయి, ఏ బస మంచిది, ఏ స్థలము చూడదగినది అని విచారించి, ఒక చిన్న పుస్తకము అచ్చువేసెను. విద్యార్థులను తీసికొనిపోవు ఉపాధ్యాయులు ఈ యొక్క పద్ధతిని గమనింపదగును. ముందు తాను చూడక ఒకరికి చూపుటకు అతడు పూనుకొనలేదు. మరుసటి యేడు 350 మందిని స్కాట్లండునకు తీసికొనిపోగా దారిలో ఎదురుచూచిన ఫలాహారము దొరకక, ప్రయాణికులు తిట్టిపోసిరి. ఆ 1846లోనే అతడు దివాలా తీసెను. దివాలా తీసినవాడు ఐదేండ్లలో, లండను మహాప్రదర్శనమునకు 1,50,000 మందికి పైగా జనులను చేర్చగలిగెను. వారిలో వారమున కొక చిల్లరడబ్బు చొప్పున కూడబెట్టుకొన్న మిల్లు కూలీలు, 3,000 మంది ఆదివారపు బడిపిల్లలు ఉండిరి.

తరువాత ఫ్రాన్సు, స్విట్జర్లాండు, ఇటలీ వరుసగా అతని దారిలోనికి వచ్చెను. 1865లో ఒక నవలాకారుడు ఇటలీలో కాన్సలుగా నుండి, కుక్ వెంట గుంపులుగా వచ్చు నీ మనుష్యులు కడుంగడు నాగరకత లేనివారని పత్రికలో ఎత్తిపొడిచెను. కుక్ ఊరకుండలేదు. స్వల్పాదాయము కలవారికి రోము నగరమేల నిషిద్ధము కావలెనని తిరుగుప్రశ్న వేయుచు కరపత్రమే ప్రకటించెను. ఆ వివాదమున న్యాయము వడ్రంగి పక్షమునే యున్నది.

ఇక ఈజిప్టు. అతనికి ఫరోల మీదకంటె బైబిలు మీద మక్కువ. యోసేపు అమ్ముడుపోయిన దేశము, మోషే పుట్టిన నది, ఆవల యెరూషలేము – ఇవన్నియు ఒకే యాత్రలో చూపవలెనని అతని చిరకాల వాంఛ. అంతవరకు నైలునదిపై విహరింపదలచినవారు దహబియా అను తెరచాప పడవను నెలల తరబడి అద్దెకు తీసికొనవలెను. ఎక్కుటకు ముందు ఆ పడవను ఒకమారు నీటిలో ముంచి, ఎలుకలను, పురుగులను చంపి, మరల పైకి లేపుట మంచిదని నాటి మార్గదర్శక గ్రంథములు బోధించెడివి. గాలి వీచిన పడవ కదలును, లేనిచో నావికులు గట్టుపై నడుచుచు త్రాడుతో లాగవలెను. రెండు మూడు నెలల తీరిక, దానికి తగిన ధనము ఉన్నవారి విలాసమది.

1869లో కుక్ బెన్హా, బెనీ సువైఫ్ అను రెండు పొగయోడలను ఈజిప్టు ప్రభుత్వమునుండి అద్దెకు తీసికొని, తన మొదటి బృందమును నైలుపైకి నడిపించెను. అదే కాలమున ఇంగ్లండు యువరాజు కూడ తన పరివారముతో నైలు విహారమునకు వచ్చియుండెను. యువరాజు వెంట వచ్చిన పత్రికా విలేఖరికి వెనుకనే వచ్చు ఈ సామాన్యుల గుంపు కంటగింపయ్యెను. రాజకుమారుడు చూచిన స్తంభమునే బట్టల వ్యాపారి, పల్లెబడి పంతులమ్మ కూడ చూచుట ఆ కాలపు పెద్దలకు మింగుడుపడని సంగతి. ఆ యేడే నవంబరు 17న సూయజు కాలువ తెరువబడెను. మరుసటి యేడు నైలు పొగయోడలలో ప్రయాణికులను చేర్చు అధికారము కుక్ సంస్థకు లభించెను. కైరో నుండి అస్వాన్ వరకు పోయివచ్చుటకు నెలలకు బదులు మూడు వారములు చాలినవి.

ఆ యాత్రలో ఒక దినము ఎట్లు గడచెడిదో తెలిసికొనిన, నేటి విహారయాత్రల మూసయంతయు అందు కనబడును. రాత్రి భోజనానంతరము ద్రాగోమాన్ అను దుబాసీ లేచి, మరునాటి కార్యక్రమము చదివి వినిపించును. ఉదయమున ఓడ గట్టు చేరునప్పటికి గాడిదలు జీనులు వేసికొని సిద్ధముగ నుండును. గాడిదను తోలు పిల్లవాడు వెంట పరుగెత్తును. పొలముల నడుమ, ఖర్జూరపు తోపుల నడుమ ఒకటి రెండు గంటల స్వారీ. సమాధులలోనికి దిగుటకు క్రొవ్వొత్తులు. గోడలపై నాలుగువేల యేండ్లనాటి రైతు దున్నుచుండును, నేయువారు నేయుచుందురు, రంగులు చెదరవు. సక్కారా, బెనీ హసన్, దెండెరా, ఎడ్ఫు – ప్రతిస్థలమునకు ఇన్ని గంటలని లెక్క. లక్సరు వద్ద మాత్రము మూడు దినములు. కర్ణాకు ఆలయపు మహామంటపమున 134 రాతిస్తంభములు కలవు. వేయిస్తంభముల గుడి ఎరిగిన ఓరుగల్లు వాసికి ఆ సంఖ్య చిన్నదిగ తోపవచ్చును గాని, నడిమి వరుసలలోని స్తంభము ఒక్కొక్కటి 20 మీటర్ల యెత్తు. నది దాటి ఆవలిగట్టు చేరిన, రాజుల లోయ.

గిజా పిరమిడ్లు మాత్రము కైరో నుండి ఒక్క పూట ప్రయాణమే. కాలువ ప్రారంభోత్సవమునకు వచ్చిన ఫ్రెంచి మహారాణి కొరకై 1869లో వేసిన బాట పిదప బండ్లకు కూడ వీలయ్యెను. మహాపిరమిడ్ తొలి యెత్తు 146 మీటర్లు. దానినెక్కదలచిన దొరసానికి ఇద్దరు అరబ్బులు ముందునుండి చేతులు పట్టి లాగెడివారు, ఒకడు వెనుకనుండి నెట్టెడివాడు. పైకి చేరినపిదప బక్షీసు కొరకు బేరము మొదలయ్యెడిది. ఈ దృశ్యము నవ్వు పుట్టించును. నవ్వుకొనుటకు వీలుకానివి మరికొన్ని కలవు. యాత్రికులు పేర్లు చెక్కిన గోడలు ఈజిప్టునందు నేటికిని కనబడును. రంగుబొమ్మల ముక్కలు పెకలించి సంచిలో వేసికొన్నవారు, క్రొవ్వొత్తి పొగతో కప్పులు నల్లబరచినవారు ఎందరో. రామప్ప గుడి, గోలకొండ చూచినవారికి ఈ చేష్టల గురించి కొత్తగ చెప్పవలసినది లేదు. ఈజిప్టు ప్రభుత్వ పురావస్తుశాఖ 1858లో మారియెట్ అను ఫ్రెంచి పండితుని క్రింద ఏర్పడియే యుండినను, ఇంతటి దేశమునకు కావలివారు చాలకుండిరి.

దుబాసీ చెప్పుమాటకు ఆధారమేమి యనియు అడుగవచ్చును. ఆ చిత్రలిపిని శాంపోలియన్ ఛేదించినది 1822లో, మన అశోకుని శాసనముల బ్రాహ్మీలిపిని ప్రిన్సెప్ ఛేదించుటకు పదునైదేండ్ల ముందు. కుక్ బృందము వచ్చునప్పటికి గోడలపై రాజుల పేర్లు పండితులు చదువగల్గియుండిరి. గాడిద దిగినవానికి చదువు రాదు. తరువాతి కాలమున ఆ సంస్థయే బ్రిటిష్ మ్యూజియము పండితుడు వాలిస్ బడ్జిచే తన యాత్రికులకై ప్రత్యేకముగ పుస్తకము వ్రాయించినది. ఆ పుస్తకము చదివి పోయినవారు అస్వాన్ దగ్గర ఫిలే ఆలయమును దాని స్వస్థలముననే చూచిరి. తదుపరి ఆనకట్ట నీటిలో మునిగిన ఆ ఆలయమును మన కాలమున విప్పి పొరుగు దీవిపై తిరిగి కట్టిరి. నాగార్జునసాగరపు నీటినుండి బౌద్ధ కట్టడములను కొండపైకి చేర్చిన కథ వంటిదే అదియు.

ఒక సత్యము దాచరాదు. లాఫ్‌బరో రైలెక్కిన షిల్లింగు కూలివాడు నైలు ఓడ ఎక్కలేదు. అందెక్కినవారు మతబోధకులు, వైద్యులు, ఉపాధ్యాయులు, ఆస్తిగల వితంతువులు, తోడులేక దేశాంతరము పోవుట మర్యాద కాదనిపించుకొన్న అవివాహిత స్త్రీలు. చివరివారికి కుక్ చేసిన మేలు చిన్నది కాదు. కాని ఓడపైనుండి వారు చూచిన గట్టున ఈజిప్టు రైతు, మన పల్లెలలోని ఏతమునకు అచ్చముగ సరిపోలు షాదూఫుతో, రోజంతయు నీరు తోడుచుండెను. కాలువ త్రవ్వుటకు వెట్టికి పోయినవాడతడే. పాలకుడు ఖెదివ్ ఇస్మాయిల్ ఐరోపాలో చేసిన అప్పులకు పన్ను కట్టినవాడును అతడే. 1882లో ఆంగ్లసైన్యము ఆ దేశము నాక్రమించెను. రెండేండ్లకు ఖార్టూములో చిక్కువడిన గోర్డను సేనానిని విడిపింపబోయిన సైన్యమును నైలుపై చేరవేసినది కుక్ ఓడలే. యాత్రకును సామ్రాజ్యమునకును ముడి అట్లు పడెను. అప్పటికి ఆ నిర్ణయములు థామస్ చేతిలో లేవు.

ఆ మాటకు ముందు అతని భూప్రదక్షిణము చెప్పవలెను. 1872 సెప్టెంబరున కొద్దిమందిని వెంటబెట్టుకొని అతడు పడమటి దిక్కుగ బయలుదేరెను. అమెరికా, జపాను, చీనా మీదుగా భారతదేశము చేరి, కలకత్తా నుండి బొంబాయికి రైలుపై వచ్చి, ఈజిప్టు చేరెను. మొత్తము యాత్ర 222 దినములు. జూల్ వెర్న్ ఎనుబది దినముల భూప్రదక్షిణ నవల ఫ్రెంచి పత్రికలో ప్రకటితమగుచుండగా, 64 ఏండ్ల ఈ వడ్రంగి నిజముగనే సముద్రముల మీద నుండెను. భారతదేశమున రైళ్లు అంత దూరము నడచుట అతనికి మెప్పు గొల్పెను. మధిర మీదుగా బెజవాడకు నిజాం రైలుమార్గము పడినది మాత్రము 1889లో. అప్పటికతడు పనినుండి విరమించి పదేండ్లు దాటినది.

విరమించెననుట మృదువైన మాట. కుమారుడు జాన్ లెక్కలలో దిట్ట, కఠినుడు, రాత్రింబవళ్లు పని చేయువాడు. సంస్థ నిలిచినది అతని క్రమశిక్షణ వలననే యని ఒప్పుకొనవలెను. తండ్రి రోములో బాప్టిస్టు ప్రచారమునకు సంస్థ సొమ్ము వెచ్చించుట, లాభము లేని తావులలో ఉదారముగ నుండుట కుమారునికి గిట్టలేదు. కుమారుడు ధనవంతులకు, రాజులకు ఏర్పాట్లు చేయుటయందు చూపు ఆసక్తి తండ్రికి అంతగ రుచింపలేదు. 1871లో తండ్రీకొడుకుల పేర ఒకటైన వ్యాపారము 1870ల చివర కుమారుని చేతిలోనికి పూర్తిగా పోయెను. తండ్రి లీస్టరులో థార్న్‌క్రాఫ్ట్ అను ఇల్లు కట్టుకొని అందు చేరెను. 1880లో ఏకైక కుమార్తె ఆనీ ఆ యింటనే స్నానపుగదిలో, నీరు కాచు పరికరపు విషవాయువు సోకి మరణించెను. నాలుగేండ్లకు భార్యయు పోయెను. కుమారుడు ప్రపంచమంతట కార్యాలయములు తెరచుచుండెను. బొంబాయినుండి మక్కా పోవు హాజీల ప్రయాణము సవరించు పని కూడ 1886లో భారత ప్రభుత్వము ఆ సంస్థకే ఒప్పగించెను.

వృద్ధునకు చూపు తగ్గసాగెను. ఏండ్ల తరబడి ఇతరులకు లోకమును చూపినవాని కన్నులు మెల్లమెల్లగా ఆరిపోయెను. అయినను 1888లో, ఎనుబదియవ పడిలో, అతడు తన కిష్టమైన ఈజిప్టు, పాలస్తీనాలకు కడపటిసారి పోయివచ్చెను. 1891లో సంస్థ స్వర్ణోత్సవమును లండనులో మహావైభవముగ జరిపిరి. మంత్రులు, ప్రభువులు విందారగించిరి. స్థాపకుడు ఆ విందుకు రాలేదు. ఆ దినములలో అతని మనస్సు మరొక పనిపై నుండెను. తాను దినమునకొక పెన్నీ కూలికి పనిచేసిన మెల్బోర్న్ గ్రామమున, బీదలైన బాప్టిస్టు వృద్ధులకై పదునాలుగు చిన్న ఇండ్లు, ప్రార్థనమందిరము కట్టించెను. ఆ ఇండ్లు నేటికి నిలిచియున్నవి. అతని పేరుతో లోకమంతట వ్యాపించిన ఆంగ్ల సంస్థ మాత్రము 1928లో కుటుంబము చేతులు దాటి, 2019 సెప్టెంబరు 23న మూతపడెను. విదేశములలో చిక్కిన లక్షన్నర మంది ఆంగ్ల యాత్రికులను ప్రభుత్వము విమానములు పంపి ఇల్లు చేర్చవలసివచ్చెను.

థామస్ కుక్ 1892 జూలై 18వ తేదీన థార్న్‌క్రాఫ్ట్‌లో కన్నుమూసెను. లీస్టరు శ్మశానమున భార్యా కుమార్తెల చెంత సమాధి చేసిరి. ఆ శీతకాలమున కూడ కైరో రేవునుండి అతని పేరుగల పొగయోడలు యథాప్రకారము అస్వానునకు బయలుదేరెను.